ఏసీ కంటే ముందు డాబాకు సున్నం

నల్లగొండలో స్లాబు ఇల్లు, పైన ఇంకో అంతస్తు లేదు అంటే ఎండకాలం ఆ ఇంట్లో ఎట్లా గడుస్తుందో ఇక్కడివాళ్లకు నేను చెప్పాల్సిన పని లేదు. మధ్యాహ్నం ఎండ ఊరందరికీ ఒకటే, దాన్ని ఎట్లాగో తట్టుకుంటాం. అసలు బాధ పొద్దు గూకినాక మొదలవుతుంది. బయట గాలి కాస్త చల్లబడుతుంటే ఇంట్లో మాత్రం పైకప్పు నుంచి సెగ దిగుతూనే ఉంటుంది, ఫ్యాన్ వేస్తే ఆ సెగనే తెచ్చి మొహాన కొడుతుంది, అర్ధరాత్రి దాటేదాకా పిల్లలు పక్క మీద అటూ ఇటూ దొర్లుతూనే ఉంటారు. పైగా అటు లతీఫ్ సాహెబ్ గుట్ట, ఇటు కాపురాల గుట్ట, మధ్యలో మా ఊరు. పగలంతా కాగిన ఆ బండలు కూడా చీకటి పడ్డాక వేడిని వదలాల్సిందే కదా. మే నెలలో 45 డిగ్రీలు దాటడం మా జిల్లాలో వింతేం కాదు, ఎండల వార్తల్లో దామరచర్ల, నిడమనూరు పేర్లు తరచూ వినపడుతుంటాయి.

ఈసారి ఏసీ తీసుకుందామని మా ఆయన అన్నాడు. ఒకటిన్నర టన్నుది, బిగించే ఖర్చుతో కలిపి నలభై వేలు దాటుతోంది. అది చల్లబరిచేది ఒక్క గదిని, మిగతా ఇల్లంతా ఎప్పటిలాగే, దాని వెనక నెలనెలా కరెంటు బిల్లు టెన్షన్. నేను ఏసీకి వ్యతిరేకిని కాదు, ఇంట్లో పెద్దవాళ్లు, చంటిపిల్లలు, గుండె జబ్బు ఉన్నవాళ్లు ఉంటే అది విలాసం కాదు, అవసరం. కానీ వేడి లోపలికి వచ్చే దారి తెరిచే ఉంచి, వచ్చిన వేడిని మిషన్ పెట్టి బయటికి తోడడం నాకు మింగుడు పడలేదు. ముందు ఆ దారేదో చూద్దాం, దాన్ని మన చేతులతో ఎంత మూయగలమో మూద్దాం, అప్పటికీ సరిపోకపోతే ఏసీ సంగతి చూద్దాం అన్నాను.

దారి కనుక్కోవడానికి పెద్ద చదువు అక్కర్లేదు. గోడకు తగిలించే మామూలు థర్మామీటర్ ఒకటి కొన్నాం. మధ్యాహ్నం మూడింటికి హాల్లో 39 చూపించింది. సాయంత్రం ఏడింటికి బల్ల ఎక్కి పైకప్పుకు అరచెయ్యి ఆనించి చూశాను, ఎక్కువసేపు ఉంచలేకపోయాను. తూర్పు గోడ, ఉత్తరం గోడ చల్లగానే ఉన్నాయి, పడమటి గోడ మాత్రం రాత్రి భోజనాల వేళకు కూడా వెచ్చగానే ఉంది. అంటే మాకు ఇద్దరే శత్రువులు, మొదటిది పైకప్పు, రెండోది పడమటి గోడ. ఎవరి ఇంట్లోనైనా పని మొదలుపెట్టే ముందు ఇట్లా చెయ్యి పెట్టి చూసుకోమని చెప్తాను, లేకపోతే అక్కర్లేని చోట డబ్బులు పోస్తాం.

ఎండ నేరుగా నెత్తి మీద పడే వేళలో గోడల కంటే పైకప్పే ఎక్కువ వేడెక్కుతుంది. మా స్లాబు అయిదు అంగుళాల మందం. కాంక్రీటు వేడిని తాగి తనలో దాచుకుంటుంది, ఆ వేడి పైనుంచి కిందికి దిగడానికి కొన్ని గంటలు పడుతుంది, అందుకే ఎండ తగ్గాక మన మీద పడుతుంది. ఏళ్ల తరబడి వానకు నాచు పట్టి, దుమ్ము పేరుకుని నల్లబడిన డాబా అయితే పడిన ఎండలో చాలా భాగాన్ని మింగేస్తుంది. అదే కొత్తగా సున్నం కొట్టిన తెల్లటి డాబా ముప్పావు వంతుకు అటూ ఇటూగా వెనక్కి కొట్టేస్తుంది. ఇంతే కిటుకు. వేడి స్లాబులోకి ఎక్కకముందే ఆపాలి, ఎక్కాక చేసేవన్నీ సగం సగం పనులే.

మా గల్లీలో ఎక్కువమంది సాయంత్రం డాబా మీద నీళ్లు కొడతారు. దాంతో కాస్త హాయిగా ఉంటుంది, కాదనను, కానీ ఏప్రిల్ వచ్చేసరికి బోర్లు ఎత్తిపోయే ఊర్లో రోజూ అన్ని నీళ్లు స్లాబు మీద ఆవిరి చేయడానికి మనసొప్పదు. కొంతమంది వరిగడ్డి పరుస్తారు, అది ఎండకు పెళపెళలాడుతుంటే పక్కింట్లో పండగ పటాకుల నిప్పురవ్వ చాలు. గది లోపల ఫాల్స్ సీలింగ్ వేయించుకున్నవాళ్లూ ఉన్నారు, చూడటానికి బాగుంటుంది, కొంత పని కూడా చేస్తుంది, కానీ స్లాబు మాత్రం పైన కాగుతూనే ఉంటుంది. బజారులో చల్లదనం కోసమే చేసిన తెల్ల పెయింట్లు దొరుకుతాయి, అవి సున్నం కంటే ఎక్కువ ఏళ్లు నిలుస్తాయి, డబ్బు ఉన్నవాళ్లు వేసుకోవచ్చు. మా బడ్జెట్‌కు సున్నమే సరిపోయింది. అదీగాక మన రాష్ట్రం 2023లో కూల్ రూఫ్ పాలసీ తెచ్చింది, అంటే ఎండను వెనక్కి కొట్టే చల్లటి పైకప్పుల విధానం, 2028 దాకా అమల్లో ఉంటుంది. 600 గజాలు, ఆపైన స్థలంలో కట్టే ఇళ్లకు అట్లాంటి పైకప్పు తప్పనిసరి, మాలాంటి చిన్న ఇళ్లకు మన ఇష్టం. ఇష్టమే అయినా, అవసరం ఎక్కువ ఉన్నది మాత్రం చిన్న ఇళ్లకే.

సున్నం గురించి నాకు తెలిసిందంతా మా అత్తమ్మ చలవే. ఆమె పుట్టిల్లు దేవరకొండ వైపు, ఏటా పండగకు ముందు ఇంటికి తానే సున్నం కొట్టుకున్న మనిషి. ప్యాకెట్లో వచ్చే పొడి సున్నం వద్దు, రాళ్ల సున్నమే తెమ్మంది. ప్రకాశం బజారులో అడిగితే దొరికింది. కృష్ణ దాటితే పిడుగురాళ్ల ఉంది, సున్నం బట్టీలకు పెట్టింది పేరు, మన వైపు దుకాణాలకు సరుకు దగ్గరే. కొనేటప్పుడు గడ్డలు గడ్డలుగా, తేలిగ్గా, ఒకదానికొకటి కొడితే టంగుమని మోగేవి చూసుకోవాలి. సంచిలోనే పొడి పొడి అయిపోయి ఉంటే గాలిలో తేమ తగిలి సగం చచ్చిన సున్నమని అర్థం. దాంతో కొడితే పట్టు ఉండదు, చేత్తో రాస్తే రాలిపోతుంది. మాది 900 చదరపు అడుగుల డాబా, 25 కిలోల సంచి సరిపోయింది, పిట్టగోడ లోపలి వైపుకు కూడా వచ్చింది.

సున్నం విరవడం మాత్రం చూసి తీరాల్సిన పని. పాత ఇనుప డ్రమ్ములో మూడొంతులకు లోపే నీళ్లు పోసి పెట్టుకున్నాం. ప్లాస్టిక్ డ్రమ్ము వాడొద్దు, ఆ వేడికి మెత్తబడుతుంది, అల్యూమినియం గిన్నెలు అసలే ముట్టొద్దు, సున్నం వాటిని తినేస్తుంది. నీళ్లలో సున్నం వేయాలి తప్ప సున్నం మీద నీళ్లు పోయకూడదు, పోస్తే ఎగజిమ్ముతుంది. మొదటి గడ్డ వేసినప్పుడు ఏమీ కాలేదు, మునిగి అడుక్కు పోయింది, బుడగలు నాలుగు వచ్చాయి. ఒకట్రెండు నిమిషాలు గడిచాక గడ్డ లోపలి నుంచి చిటచిట మొదలైంది, నెర్రెలు ఇచ్చి పొరలు పొరలుగా విచ్చుకుంది, నీళ్లు తెల్లబడి కుతకుత ఉడకడం మొదలుపెట్టాయి, పొయ్యి లేదు, మంట లేదు, డ్రమ్ము బయటి వైపు చెయ్యి పెట్టలేనంత కాలుతోంది. ఆవిరితో పాటు తడిసిన గోడ వాసన లాంటిది ఒకటి, కొంచెం ఘాటుగా, గొంతులో పట్టుకుంటుంది. అత్తమ్మ దూరంగా అరుగు మీద కూర్చుని, "పొంగుడు తగ్గినంకనే కట్టెతోని గెలుకు బిడ్డా, మొకం పక్కకు పెట్టుకో, కండ్లల్ల పడితే కష్టం" అని ఒకటే కేక. ఆమె చెప్పింది అక్షరాలా నిజం. కళ్లద్దాలు, రబ్బరు గ్లోవ్స్, నిండు చేతుల చొక్కా లేకుండా ఈ పనికి దిగొద్దు, పిల్లల్ని ఆ చుట్టుపక్కలకు రానివ్వొద్దు. కంట్లో పడితే వెంటనే చాలాసేపు మంచినీళ్లతో కడిగి డాక్టర్ దగ్గరికి పోవాలి, నలపకూడదు.

ఒక్కో గడ్డ వేస్తూ, కలుపుతూ, నీళ్లు చాలకపోతే పోస్తూ మొత్తం విరిచి, మూత పెట్టి రాత్రంతా వదిలేశాం. పొద్దున్నకు అడుగున వెన్నలా మెత్తటి ముద్ద, పైన తేట నీళ్లు. విరగని రాళ్లు కొన్ని ఉంటాయి, అందుకే పాత నూలు చీర ముక్కను బకెట్‌కు కట్టి అందులోంచి వడగట్టాలి, ఇది విసుగు పని, అయినా మానొద్దు. రాయి పలుకు డాబా మీద ఉండిపోతే తర్వాత అది ఉబ్బి ఆ చోట పెచ్చు లేస్తుంది.

పట్టు కోసం చాలామంది ఫెవికాల్ కలుపుతారు, వైట్ సిమెంటు కూడా కలుపుతారు. మేము తుమ్మ బంక కలిపాం. అర కిలో బంక దంచి, వేడినీళ్లలో రాత్రే నానబెట్టి, వడగట్టి సున్నంలో పోశాం. మా జిల్లాలో నల్లతుమ్మకు కొదవ లేదు, పచారీ కొట్లో బంక దొరుకుతుంది. అత్తమ్మ రెండు గుప్పిళ్ల ఉప్పు కూడా వేయమంది, వాళ్ల ఊళ్లో అట్లాగే వేసేవారట. ఇక్కడ మాత్రం నేను ఒప్పుకోలేదు. వాళ్లది మట్టి గోడల ఇల్లు, ఉప్పు పడినా వచ్చే నష్టం లేదు. స్లాబులో ఇనుప చువ్వలు ఉంటాయి, ఉప్పు నీళ్లు నెర్రెల్లోంచి దిగితే చువ్వకు తుప్పు పడుతుంది, తుప్పు పట్టిన చువ్వ ఉబ్బి కాంక్రీటును పగలగొడుతుంది. పాత పద్ధతి ఏదైనా కొత్త ఇంటికి తెచ్చుకునేటప్పుడు ఈ ఒక్క లెక్క చూసుకోవాలి, అప్పుడు ఇల్లు దేంతో కట్టారు, ఇప్పుడు దేంతో కట్టారు అని.

సున్నం సిద్ధం చేయడం కంటే డాబా సిద్ధం చేయడమే పెద్ద పని. ముందు పొరకతో ఊడ్చి, ఇనుప బ్రష్‌తో నాచు గీకి, నీళ్లతో కడిగి ఆరనిచ్చాం. నాచు మీద సున్నం కొడితే నాచుతో పాటే ఊడొస్తుంది. నెర్రెలు ఉన్నచోట మా ఆయన వాటిని ఉలితో కాస్త వెడల్పు చేసి, దుమ్ము దులిపి, తడిపి, సిమెంటు ఇసుక సన్నగా కలిపి నింపాడు. సున్నం వేడిని ఆపుతుంది, నీళ్ల కారుడును ఆపదు, ఈ రెంటినీ కలిపి ఆశ పెట్టుకుంటే వానకాలంలో నిరాశే. ఉరుపు ఉన్న డాబా అయితే ముందు దాన్ని బాగుచేయించుకున్న తర్వాతే సున్నం.

కొట్టడం ఎప్పుడూ సాయంత్రం పూటే. ఎండలో కాలుతున్న స్లాబు మీద కొడితే నీళ్లు చిటికెలో ఆవిరై సున్నం పొడిపొడిగా మిగిలిపోతుంది. సున్నం గట్టిపడేది ఆరడం వల్ల కాదు, తడిగా ఉన్నంతసేపు గాలిలోని బొగ్గుపులుసు గాలిని మెల్లగా పీల్చుకుని మళ్లీ సున్నపురాయిగా మారడం వల్ల. ఆ మార్పుకు టైం ఇవ్వాలి. కాబట్టి ఎండ దిగాక డాబాను తడిపి, నీళ్లు నిలవకుండా చూసి, మొదటి పూత మజ్జిగంత పలచగా పొడవునా కొట్టాం, పొడుగు కర్రకు కట్టిన కుంచెతో, నడుము వంచే పని లేకుండా. రెండోది అడ్డంగా, ఇంకాస్త చిక్కగా. ఆపైన మూడో పూత మళ్లీ పొడవునా. ఒక పూత బాగా ఆరాక, దాన్ని తేలిగ్గా తడిపాకే ఇంకోటి. తడిగా ఉన్నప్పుడు సున్నం ఏమీ కనిపించదు, బూడిద రంగులో నీళ్లు పూసినట్టే ఉంటుంది, చేసిందంతా దండగైందా అని భయం వేస్తుంది. పొద్దున డాబా ఎక్కితే కళ్లు చెదిరే తెలుపు. పూతలన్నీ అయ్యాక కూడా కొన్నాళ్లు పొద్దునా సాయంత్రం నీళ్లు చిలకరించాం, ధారగా కాదు, చేత్తో చల్లినట్టు.

ఫలితం సంగతి. అదే థర్మామీటర్, అదే గోడ, మధ్యాహ్నం అదే వేళ, బయట అదే రకం ఎండ, హాల్లో 36 చూపించింది. మూడు డిగ్రీలే కదా అని చదివినవాళ్లకు అనిపించొచ్చు. ఇంట్లో ఉన్నవాళ్లకు తెలుస్తుంది ఆ మూడు డిగ్రీల విలువ. అంతకంటే పెద్ద తేడా రాత్రిపూట, అది థర్మామీటర్ సరిగా పట్టుకోలేదు, చెయ్యి పట్టుకుంది. ఏడింటికి బల్ల ఎక్కి పైకప్పుకు చెయ్యి ఆనిస్తే ఎంతసేపైనా ఉంచగలిగాను. ఫ్యాన్ గాలి గాలిలా ఉంది. పిల్లలు పదింటికల్లా నిద్రపోయారు. కింద గదిలో కూలర్ కూడా ఇప్పుడు చల్లగా కొడుతోంది, ఇంతకుముందు పైకప్పు సెగతో దానికి కుస్తీ అయ్యేది.

ఇబ్బందులు లేవా అంటే ఉన్నాయి. మధ్యాహ్నం డాబా ఎక్కితే ఆ తెలుపు కళ్లలో కొడుతుంది, చలువ కళ్లద్దాలు లేనిదే పని చేసుకోలేం. మా వైపు ఎండకాలం డాబా మీద పడుకోవడం మామూలు, ఎంత బంక కలిపినా సున్నం కొంచెమైనా దుప్పట్లకు అంటుతుంది, కింద పాత ఈత చాప వేసుకోవాల్సిందే. దుమ్ము పడితే తెలుపు తగ్గుతుంది, తెలుపు తగ్గితే చల్లదనం తగ్గుతుంది, కాబట్టి ఊడుస్తూ ఉండాలి. ఒక వానకాలం గడిస్తే చాలాచోట్ల వెలిసిపోతుంది, ఏటా ఎండలు ముదరకముందే ఒకటి రెండు పూతలు మళ్లీ వేసుకోవాలి. రోజూ తిరిగే చోట, మెట్ల నుంచి ట్యాంకు దాకా, సున్నం నిలవదని ముందే తెలుసు, అందుకే అక్కడ తెల్ల టైల్స్ ముక్కలు అతికించాం. టైల్స్ దుకాణాల వెనక పగిలినవి కుప్పలు పడి ఉంటాయి, అడిగితే చాలామటుకు ఊరికే ఇచ్చేస్తారు.

డాబా మీదే ఉన్న ఇంకో సమస్య నల్లటి నీళ్ల ట్యాంకు. మేలో మధ్యాహ్నం కుళాయి తిప్పితే చెయ్యి కాలేది. ప్లాస్టిక్ మీద సున్నం నిలవదు. తెల్ల యూరియా సంచులు బాగా కడిగి, విప్పి, ఒకదానికొకటి దబ్బనంతో కుట్టి ట్యాంకు చుట్టూ, మూత మీద కప్పాం. ఖర్చు దాదాపు లేనట్టే. నీళ్లు ఇప్పుడు గోరువెచ్చగా వస్తున్నాయి.

పడమటి గోడకు వచ్చేసరికి సున్నం ఒక్కటే చాలలేదు, సాయంత్రం ఎండ ఏటవాలుగా వచ్చి గోడంతా తగులుతుంది. అక్కడ నీడ కావాలి. గోడకు అడుగు ఎడంగా వెదురు బొంగులు పాతి, అడ్డ బొంగులు కట్టి, వాటికి ఆకుపచ్చ షేడ్ నెట్ బిగించాం, 75 శాతం నీడ ఇచ్చేది. గోడకు ఆనించి మాత్రం కట్టొద్దు. మధ్యలో ఖాళీ ఉంటే వేడెక్కిన గాలి పైకి లేచి పోతుంది, ఆనించి కడితే నెట్ వేడి గోడకే ఎక్కుతుంది. నెట్ తాత్కాలికమే అనుకున్నాం, దాని మొదట్లో దొండ కొమ్మలు గుచ్చాం. దొండ ఎందుకంటే ఒకసారి పట్టుకుంటే ఏళ్లు ఉంటుంది, కొమ్మతో వస్తుంది, విత్తనం కొనక్కర్లేదు, నీళ్లు కొంచెం తగ్గినా బతుకుతుంది. బియ్యం కడిగిన నీళ్లు, కూరగాయలు కడిగిన నీళ్లు, వాషింగ్ మెషిన్‌లో ఆఖరుసారి జాడించిన నీళ్లు దానికే పోస్తున్నాం, సబ్బు నురగ ఉన్న మొదటి నీళ్లు పోయం. తీగ బొంగుల మీదికి పాకి గోడను కప్పాక ఆ గది వేడి బాగా తగ్గింది. ఆకు గాలిలోకి తేమ వదులుతుంది, నెట్ వదలదు, ఆ తేడా దగ్గర నిలబడితే తెలుస్తుంది. పక్కింటి వదినె కొమ్మలు అడిగి తీసుకుపోయింది, ఇప్పుడు వాళ్ల మెట్ల కింద కూడా దొండే.

కిటికీలకు వట్టివేళ్ల తడికెలు కడదామనుకున్నాం కానీ ధర ఎక్కువ చెప్పారు. గోనె సంచులు రెండు పొరలుగా కుట్టి, కిటికీ బయట వేలాడదీసి, పైనుంచి చిల్లులు పెట్టిన సన్న పైపుతో నీళ్లు బొట్టు బొట్టుగా దిగేట్టు చేశాం. మార్చి నుంచి మే దాకా మా గాలి పొడిగా ఉంటుంది, అందుకే ఇది పని చేస్తుంది. జూన్‌లో మబ్బులు పట్టి ఉక్కపోత మొదలైతే తడి సంచులు తీసేయాలి, అప్పుడు అవి ఉక్కపోతను పెంచుతాయి తప్ప చల్లబరచవు. కూలర్‌కు కూడా ఇదే సూత్రం, జూన్‌లో కూలర్ పాడైందని మెకానిక్‌ను పిలిచేవాళ్లు ముందు గాలి సంగతి చూసుకోవాలి.

డాబా కడిగి బాగుచేసినప్పుడే ఇంకో ఆలోచన వచ్చింది. ఇంత శుభ్రమైన డాబా మీద పడే వాన నీళ్లు కాలువలోకి ఎందుకు పోవాలి? చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. మా డాబా దాదాపు 83 చదరపు మీటర్లు, ఏడాదికి మా దగ్గర పడే వాన 700 మిల్లీమీటర్లకు కాస్త అటూ ఇటూ అనుకున్నా, ఆవిరైంది, చిందింది తీసేసినా, నలభై వేల లీటర్లకు పైనే. అందుకే ఆ నీళ్లను భూమిలోకి దింపే ఇంకుడు గుంత ఒకటి తవ్వాలనుకున్నాం.

నల్లగొండవాళ్లకు నీళ్ల మాట వస్తే ఫ్లోరైడ్ మాట రాకుండా ఉండదు. మా కింద ఉన్నది గ్రానైటు రాయి, అందులో ఫ్లోరైడ్ ఉన్న ఖనిజాలు ఉన్నాయి, నీళ్లు ఆ రాళ్ల సందుల్లో ఎంత ఎక్కువ కాలం నిలిస్తే అంత కరిగించుకుంటాయి. తాగే నీళ్లలో లీటరుకు ఒక మిల్లీగ్రాము లోపు ఉండాలి, వేరే దారి లేకపోతే ఒకటిన్నర దాకా. మర్రిగూడ, చండూరు, మునుగోడు వైపు వంగిపోయిన నడుములు, వంకర తిరిగిన కాళ్లు చూసినవాళ్లకు ఈ అంకెల అర్థం వేరే చెప్పక్కర్లేదు. కాచి తాగితే ఫ్లోరైడ్ పోదు, నీళ్లు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. నాగపూర్‌లోని నీరి (NEERI) అనే పర్యావరణ పరిశోధన సంస్థ 1970ల్లో పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి, గిలకొట్టి, తేర్చి ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతి తయారు చేసింది, దాన్ని ప్రపంచమంతా నల్లగొండ టెక్నిక్ అనే పిలుస్తుంది. మా డాబా మీది సున్నం లాంటిదే అందులోనూ పని చేసింది. ఇప్పుడు తాగడానికి మాకు కుళాయిలో కృష్ణా నీళ్లు వస్తున్నాయి, బోరు నీళ్లు వాడకానికే. వాన నీళ్లలో ఫ్లోరైడ్ దాదాపు ఉండదు కాబట్టి అవి భూమిలోకి దిగితే బోరు నీళ్లు కొంత పలచబడతాయి. అట్లాగని ఇంకుడు గుంత తవ్వాం కదా అని పరీక్ష చేయించకుండా బోరు నీళ్లు తాగొద్దు.

గుంత మేమే తవ్వాం, గడ్డపార, పార, తట్టతో. నాలుగు అడుగుల పొడవు, నాలుగు వెడల్పు, ఆరు లోతు, ఇంటి పునాదికి పది అడుగుల దూరంలో, బోరుకు దగ్గరగా. మూడు అడుగులు దాటాక మొరం తగిలింది, మా ఆయన తమ్ముడు వచ్చి చెయ్యి వేయకపోతే కష్టమయ్యేది. "వదినె, జేసీబీ పిలిస్తే గంటల అయిపోతుండె" అన్నాడు కానీ మా సందులోకి జేసీబీ రాదు. అడుగున పెద్ద రాళ్లు, పక్క వీధిలో కూలగొట్టిన ఇంటి దగ్గర తెచ్చిన ఇటుక ముక్కలు, దాని పైన కంకర, అన్నిటికంటే పైన దొడ్డు ఇసుక. డాబా పైపును దాంట్లోకి తిప్పి, మధ్యలో ఒక టీ జాయింట్, మూత పెట్టాం. తొలకరి వానల నీళ్లు ఆ మూత తీసి బయటికే వదిలేస్తాం, అందులో దుమ్ము, పిట్టల రెట్ట, కొత్త సున్నం కడిగిన తెల్లనీళ్లు ఉంటాయి. ఆ తర్వాతే గుంతలోకి. నిండి పొర్లితే కాలువలోకి పోవడానికి ఇంకో పైపు. పైన షాబాద్ బండ కప్పి సందులు మూశాం, లేకపోతే దోమలు. ఏడాదికోసారి పైన ఉన్న ఇసుక తీసి కడిగి మళ్లీ వేయాలి, ఒండ్రు పేరుకుంటే నీళ్లు ఇంకవు.

ఖర్చు అడుగుతున్నారు అందరూ. డాబాకు సున్నం, బంక, కుంచె, బ్రష్, సిమెంటు కలిపి పదిహేను వందల లోపే. బొంగులు, నెట్ రెండు వేలు. గుంతకు పైపులు, కంకర, ఇసుక అన్నీ కలిపి అయిదారు వేలు, అదే పెద్ద ఖర్చు. కూలీ పెట్టి చేయిస్తే ఇంకా అవుతుంది. మూడూ ఒకేసారి చేయలేని వాళ్లు డాబాతో మొదలుపెట్టండి, రూపాయికి ఎక్కువ ఫలితం ఇచ్చేది అదే.

రేకుల ఇళ్లవాళ్లు కూడా అడిగారు. సిమెంటు రేకుల మీద సున్నం బాగానే నిలుస్తుంది, కానీ పొడిగా ఉన్నప్పుడు వాటిని బ్రష్‌తో గీకొద్దు, అందులో ఆస్‌బెస్టాస్ ఉంటుంది, ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రమాదం. తడిపి, మెత్తగా కడిగి కొట్టాలి. రేకు మీద నేరుగా నిలబడొద్దు, కింద దూలం ఉన్నచోట అడ్డంగా పలక వేసుకుని దాని మీదే ఉండి కొట్టాలి, పాత రేకు మనిషి బరువుకు ఉన్నపళంగా విరుగుతుంది. ఇనుప రేకులకైతే సున్నం వద్దు, పట్టు ఉండదు, పెచ్చులుగా రాలుతుంది, వాటికి తెల్ల పెయింటే వేసుకోవాలి. కింది నుంచి గోనె సంచులో, ఈత చాపలో ఒక జానెడు ఎడంగా సీలింగ్‌లా కట్టుకుంటే ఇంకా నయం, పొయ్యి ఉన్న వైపు మాత్రం కట్టొద్దు.